ఆ పురస్కారాల పక్కన ‘మరో చరిత్ర’ పేరు కూడా రాయండి

జాతీయ చలనచిత్ర పురస్కారాలను, ఫిల్మ్‌ఫేర్ పురస్కారాలను నిర్వహిస్తున్న పెద్దలకు, న్యాయనిర్ణేతలకు, విజేతల జాబితాలు రాసి భద్రపరిచే వారందరికీ

నమస్కారం.

నేను విశాఖపట్నంలో ఉంటాను. సినిమా రంగంతో నాకు ఏ సంబంధమూ లేదు, చూడటం తప్ప. కిందటేడు మా పేటలోని చిన్న గ్రంథాలయంలో కాలేజీ పిల్లలకు సినిమా క్విజ్ పెట్టాం. ప్రశ్నలు రాసింది నేనే. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి హిందీ పాటకు జాతీయ పురస్కారం తెచ్చిన సినిమా ఏది అని అడిగితే, భీమిలి నుంచి వచ్చిన ఒక అమ్మాయి ప్రశ్న పూర్తికాకముందే చెయ్యెత్తింది. ‘ఏక్ దూజే కే లియే’ అంది. సంవత్సరం కూడా చెప్పింది, 1981. నాకు ముచ్చటేసి, పోటీలో లేని ప్రశ్న ఒకటి అడిగాను. ఆ సినిమాకూ మీ ఊరికీ ఉన్న చుట్టరికం ఏమిటో తెలుసా అని. ఆమె కాసేపు ఆలోచించి, ‘ఆ హిందీ సినిమానే తర్వాత మన తెలుగులో మరో చరిత్రగా తీశారు కదండీ, అది మా ఊళ్లో తీసి ఉంటారు’ అంది.

నేను కాదన్నాను. ముందు వచ్చింది తెలుగు సినిమా, 1978లో. మూడేళ్ల తర్వాత దాన్నే హిందీలో తీశారు. ఆ అమ్మాయి నమ్మలేదు. ఫోనులో పురస్కారాల జాబితా తీసి నా ముందు పెట్టింది. ‘చూడండి, అవార్డులన్నీ హిందీ సినిమాకే ఉన్నాయి. ముందు తీసింది తెలుగు అయితే దాని పేరు ఎక్కడో ఒకచోట ఉండాలి కదండీ’ అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందుకే ఆమె అడిగిన ప్రశ్ననే మీ ముందు పెడుతున్నాను.

ఆమె తప్పేమీ లేదని ముందే చెప్పాలి. పురస్కారాల జాబితాలో సాధారణంగా నాలుగు గడులు ఉంటాయి. విభాగం, విజేత పేరు, సినిమా పేరు, భాష. ఆ నాలుగింటినీ చదివినవారు ఎవరైనా ఆమె అనుకున్నట్టే అనుకుంటారు. అయిదో గడి ఒకటి లేకపోవడం వల్ల ఒక సినిమా చరిత్ర తల్లకిందులైంది.

‘ఏక్ దూజే కే లియే’ 1981 జూన్‌లో విడుదలైంది. 29వ ఫిల్మ్‌ఫేర్ పురస్కారాల్లో 13 నామినేషన్లు పొందింది. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటుడిగా కమల్‌హాసన్, ఉత్తమ నటిగా రతి అగ్నిహోత్రి, ఉత్తమ సహాయ నటిగా మాధవి, ఇలా. ఆ ఏడాది పోటీ మామూలుగా లేదు. ‘ఉమ్రావ్ జాన్’, ‘చక్ర’, ‘కలియుగ్’ అప్పటివే. ఉత్తమ చిత్రం ‘కలియుగ్’కు, దర్శకత్వం ‘ఉమ్రావ్ జాన్’కు, నటుడు, నటి పురస్కారాలు రెండూ ‘చక్ర’కు వెళ్లాయి. అంత గట్టి సినిమాల మధ్య ఈ ప్రేమకథ మూడు పురస్కారాలు గెలుచుకుంది. ఉత్తమ స్క్రీన్‌ప్లే రెండు సినిమాలకూ దర్శకుడైన కె. బాలచందర్‌కు, ఉత్తమ ఎడిటింగ్ ఎన్.ఆర్. కిట్టుకు, ఉత్తమ గేయరచన ఆనంద్ బక్షీకి.

ఇప్పుడు ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా చూడండి. స్క్రీన్‌ప్లే బాలచందర్ 1978లో తెలుగులో రాసుకున్నదే. భాష తెలియని అబ్బాయి, పక్కింటి అమ్మాయి, ఒకరినొకరు సహించలేని రెండు ఇళ్లు, పెద్దలు పెట్టిన ఏడాది ఎడబాటు, మధ్యలో సంధ్య అనే మరో స్త్రీ, చివరికి ఆ విషాదం, వరుస అంతా అదే. ఎడిటింగ్ చేసిన కిట్టు ‘మరో చరిత్ర’కూ ఎడిటరే. ఏ దృశ్యాన్ని ఎక్కడ తెంచితే ప్రేక్షకుడి గుండె ఆగుతుందో ఆయన చేతికి మూడేళ్ల ముందే తెలుసు. అంటే మూడింటిలో రెండు పురస్కారాలు, అదే మనుషులు అదే పనిని మొదట తెలుగులో చేసి, మెరుగుపెట్టి తెచ్చిన దానికి వచ్చాయి. వాటిని ఇవ్వడంలో పొరపాటు లేదు. అర్హులకే ఇచ్చారు, నాకు ఎంతో సంతోషం. అయితే ఆ రెండు పనుల విలువ తెలియాలంటే పక్కన తెలుగు సినిమా పేరు ఉండాలి. లేకపోతే బాలచందర్ ఈ కథను హిందీ కోసమే మొదటిసారి అల్లినట్టు అనిపిస్తుంది.

మూడోది ఆనంద్ బక్షీ గారిది. ఆయన రాసిన పాటలు తెలుగు పాటలకు అనువాదాలు కావు, ఆయన సొంతం. తెలుగులో ఆత్రేయ సాహిత్యం, ఎమ్మెస్ విశ్వనాథన్ సంగీతం. హిందీలో బక్షీ, లక్ష్మీకాంత్–ప్యారేలాల్. కానీ ఇక్కడ ఒక్క పాట దగ్గర కాసేపు ఆగమని మిమ్మల్ని కోరుతున్నాను. లిఫ్టులో పాట. తెలుగులో కథానాయకుడు బాలు, నాయిక స్వప్న లిఫ్టులో ఉంటారు. అతనికి తెలుగు అంతంతమాత్రం. తెలిసిన తెలుగల్లా సినిమా పేర్లే. ఆ పేర్లనే గుదిగుచ్చి ఆమెకు పాట కడతాడు. పల్లవి మొదలయ్యే ‘కలిసి ఉంటే కలదు సుఖము’ అన్న మాట 1961లో ఎన్టీఆర్, సావిత్రి నటించిన సినిమా పేరు. హిందీలో అదే లిఫ్టు, అదే సరదా. కానీ తెలుగు సినిమా పేర్లు అక్కడ పనికిరావు. బక్షీ గారు హిందీ సినిమా పేర్లతో కొత్తగా మాల కట్టారు. ‘మేరే జీవన్ సాథీ’ అన్న మొదటి మాట 1972లో రాజేశ్ ఖన్నా నటించిన సినిమా పేరు. రెండు భాషల్లోనూ మగ గొంతు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారిదే. ఈ రెండు పాటలను పక్కపక్కన పెట్టుకుని విన్నప్పుడు ఆత్రేయ ఊహా, బక్షీ నేర్పూ ఒకేసారి తెలుస్తాయి. ఒక కవికి ఎదురుగా ఉన్న చిక్కేమిటో, దాన్ని ఆయన ఎంత హాయిగా విప్పాడో మూలం తెలిసినవాడికే అర్థమవుతుంది. మూలం పేరు రాస్తే బక్షీ గారి పురస్కారం ఏమీ చిన్నబోదు, ఇంకాస్త పెద్దదవుతుంది. నేను అడిగేది ఒకరి కీర్తిలో కోత కాదని దీన్నిబట్టి గ్రహిస్తారని నా ఆశ.

ఇక బాలసుబ్రహ్మణ్యం గారి సంగతి. ‘తేరే మేరే బీచ్ మే’ పాటకు 29వ జాతీయ పురస్కారాల్లో ఉత్తమ గాయకుడు ఆయనే. అంతకుముందు ‘శంకరాభరణం’కు వచ్చింది, ఇది రెండోది. జీవితంలో ఆరుసార్లు, నాలుగు భాషల్లో అందుకున్నారు. హిందీలో ఈ ఒక్కటే. ఈ పాట వెనక ఒక కథ సంగీతం మీద ఆసక్తి ఉన్నవారందరూ చెప్పుకునేదే. దక్షిణాది గాయకుడి హిందీ ఉచ్చారణ మీద లక్ష్మీకాంత్–ప్యారేలాల్‌కు మొదట సందేహం కలిగింది. బాలచందర్ పట్టుబట్టారు. కథానాయకుడు వాసు తమిళుడు, హిందీ రానివాడు, అతని పాటలో ఆ యాస వినిపిస్తే తప్పేముంది అన్నది ఆయన వాదన. చివరికి బాలు గారే పాడారు. ఆ పాటను కళ్లు మూసుకుని ఒక్కసారి వినండి. ప్రేమ కోసం హిందీ నేర్చుకున్నవాడి పలుకు అది. ఒక్కో మాటనూ భయంగా, భద్రంగా పట్టుకుని పక్కన పెడుతున్నట్టు ఉంటుంది. అడ్డు అనుకున్న యాసే దేశం మొత్తం మీద ఉత్తమ గానం అనిపించుకుంది.

ఆ యాసకు చోటు ఎక్కడి నుంచి వచ్చింది? కథలోంచి. ఆ కథ ఎక్కడిది? తమిళ కుర్రాడు, తెలుగు అమ్మాయి, మధ్యలో భాష గోడ అన్నది ‘మరో చరిత్ర’లో మా విశాఖ, భీమిలి తీరాన పుట్టిన ఆలోచన. తీసింది తమిళ దర్శకుడు. మాటలు గణేశ్ పాత్రో గారివి. విచిత్రం ఏమిటంటే ఆ తెలుగు సినిమా మద్రాసులో డబ్బింగు లేకుండా తెలుగులోనే ఆడింది. సఫైర్ థియేటర్లో 596 రోజులు. భాష రాని ప్రేమికుల కథను, ఆ భాష రాని ప్రేక్షకులు అన్ని రోజులు చూశారు. బాలు గారి హిందీ పురస్కారానికి ముందు ఇంత నడక ఉంది. జాబితాలో చదివితే మాత్రం ‘గాయకుడు, హిందీ’ అన్న రెండు మాటలే కనిపిస్తాయి.

హిందీ సినిమా నిర్మాత ఎవరో కూడా గుర్తు చేస్తాను. ఎల్.వి. ప్రసాద్ గారు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టి, బొంబాయి వెళ్లి, తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’లో, తొలి తమిళ టాకీ ‘కాళిదాస్’లో, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో, మూడింటిలోనూ వేషం వేసిన మనిషి. రెండు భాషల ప్రేమకథను తెలుగు నుంచి హిందీకి మోసుకెళ్లడానికి ఆయనకంటే తగినవారు ఎవరుంటారు?

నిజానికి ఆయనకు ఆ పని కొత్త కాదు. 1964లో ఆదుర్తి సుబ్బారావు గారు తెలుగులో తీసిన ‘మూగ మనసులు’ను ఆయనే 1967లో ‘మిలన్’గా హిందీలో నిర్మించారు. దర్శకుడు మళ్లీ ఆదుర్తే. అది కూడా ప్రేమకథే, దానికీ ఫిల్మ్‌ఫేర్ పురస్కారాలు వచ్చాయి. ఉత్తమ నటి నూతన్. ఉత్తమ సహాయ నటి మన జమున. తెలుగులో గోదావరి ఒడ్డున గౌరిగా చేసిన పాత్రనే ఆమె హిందీలోనూ చేసి గెలిచారు. నూతన్ చేసిన రాధ పాత్రను తెలుగులో సావిత్రి చేశారు. ‘మిలన్’ పేరు పక్కన ‘మూగ మనసులు’ అని ఒక్క మాట రాసి ఉంటే, హిందీ పాఠకుడు ఎవరైనా కుతూహలం కొద్దీ వెతుక్కుని సావిత్రిని చూసేవాడు. ఆ దారి మూసుకుపోయిందని నాకు బాధ.

తెలుగులో స్వప్నగా చేసిన సరిత విషయమూ అంతే. ‘మరో చరిత్ర’ ఆమె తొలి సినిమా. ముఖంలో రంగుకన్నా, అలంకారంకన్నా కళ్లనే నమ్ముకుని చేసింది. హిందీలో ఆ పాత్ర రతి అగ్నిహోత్రికి వెళ్లింది, నామినేషన్ వచ్చింది, ఆమె బాగా చేసింది కాబట్టే వచ్చింది. కాల్చేసిన ఫొటో బూడిదను టీలో కలుపుకుని తాగే దృశ్యం చూసినవారు ఆమెను మరిచిపోరు. అయినా ఆ స్వప్నకు మొదట ప్రాణం పోసిన అమ్మాయి పేరు ఎక్కడా తగలకపోవడం మాత్రం న్యాయం కాదు. మూలం పేరు ఒక్కటి చేర్చండి చాలు. మిగిలిన పేర్లను ఆసక్తి ఉన్నవారే వెతుక్కుంటారు.

నామినేషన్ల గురించి కూడా ఒక మాట. జాతీయ పురస్కారాల్లో నామినేషన్ల పద్ధతి లేదు, విజేతలనే ప్రకటిస్తారు. ఫిల్మ్‌ఫేర్‌లో ఉంది. నేను ఆ పద్ధతిని గౌరవిస్తాను. గెలవనివారి పనికి కూడా అది ఒక సాక్ష్యం. ఆ ఏడాది ఫిల్మ్‌ఫేర్ గాయకుడి పురస్కారం ‘లవ్ స్టోరీ’లో పాటకు అమిత్ కుమార్‌కు వెళ్లింది. బాలు గారు నామినేషన్ దగ్గరే ఆగారు. అదే పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. ఒక పాటను రెండు చోట్ల రెండు విధాలుగా తూచారని మనకు ఈనాటికీ తెలుస్తున్నదంటే, ఆనాటి నామినేషన్ల జాబితా మిగిలి ఉండబట్టే. మాధవి సంగతి కూడా అందులోనే దొరుకుతుంది. రెండు భాషల్లోనూ సంధ్యగా చేసింది ఆమే. కాబట్టి నామినేషన్ల జాబితాలను విజేతల జాబితాలంత శ్రద్ధగా దాచండి. మూలం పేరు వాటికీ చేర్చండి.

మీరు చెప్పగలిగిన అభ్యంతరాలు కొన్ని నాకు తోస్తున్నాయి. పురస్కారం తెర మీద ఉన్న పనికి ఇస్తాం, దాని పూర్వజన్మతో మాకేం పని అనవచ్చు. న్యాయనిర్ణయం జరిగేటప్పుడు అది నిజమే. సినిమాను సినిమాగానే చూడాలి. నేను అడుగుతున్నది నిర్ణయం అయిపోయాక రాసే రికార్డు గురించి. తీర్పు వేరు, చరిత్ర వేరు.

ఏది రీమేకో ఎవరు తేల్చాలి అని కూడా అడగవచ్చు. అనుమానంతో, పోలికలతో తేల్చమని నేను కోరడం లేదు. ఆ తగవులోకి దిగితే తెల్లవారదు. హక్కులు కొని తీసిన సినిమాకు ఒప్పంద పత్రం నిర్మాత దగ్గర ఉంటుంది. సొంత కథను మరో భాషలో తీసిన దర్శకుడు ఆ మాట దాచడు. పోటీకి పంపే దరఖాస్తులో ఒక్క గడి పెట్టండి. ‘ఈ చిత్రానికి మూలచిత్రం ఉందా? ఉంటే పేరు, భాష, సంవత్సరం, కథారచయిత’. నిర్మాత సంతకం చేస్తాడు. దాన్నే విజేతల జాబితాలోకి ఎక్కించండి.

ఇది తెలుగువాడి పట్టుదల అని అనుకునేవారు ఉంటారేమో. అందుకే మనవైపు నుంచి కూడా చెబుతున్నాను. పవన్ కల్యాణ్ గారికి ఫిల్మ్‌ఫేర్ దక్షిణాది పురస్కారం తెచ్చిన 2012 నాటి ‘గబ్బర్ సింగ్’ హిందీ ‘దబంగ్’కు రీమేక్. ఆ పురస్కారం పక్కన ‘దబంగ్, హిందీ, 2010’ అని రాయాలి. ఈ మధ్యకాలంలో ‘అర్జున్ రెడ్డి’ హిందీలో ‘కబీర్ సింగ్’ అయింది, దర్శకుడు ఒకరే. దాని నామినేషన్ల పక్కన తెలుగు పేరు ఉండాలి. తమిళం నుంచి, మలయాళం నుంచి మనం తెచ్చుకున్నవాటికీ అదే నియమం పెట్టండి. మాకు నష్టం వచ్చేచోట కూడా నేను దీన్నే అడుగుతాను.

కాలం గడిచేకొద్దీ ఈ పని కష్టమవుతుంది. బాలచందర్ గారు 2014లో వెళ్లిపోయారు. బాలు గారు 2020 సెప్టెంబరులో వెళ్లిపోయారు. ప్రసాద్ గారు, ఆత్రేయ గారు, బక్షీ గారు అంతకుముందే వెళ్లిపోయారు. ఎవరిని అడిగితే చెబుతారు అనుకునే రోజులు పోయాయి. ఇక చెప్పాల్సింది కాగితాలే. పిల్లలు ఇవాళ మనుషులను అడగరు, జాబితాను అడుగుతారు. జాబితా ఏం చెబితే అదే నిజం.

అందుకని మీకు నా మనవి ఇది. వచ్చే ఏడాది దరఖాస్తుల్లో ఆ గడి చేర్చండి. వెనకటి జాబితాలను ఏడాదికి పదేళ్ల చొప్పున సరిచేసుకుంటూ రండి. ప్రతి భాషలోనూ నాలాంటి ప్రేక్షకులు, సినిమా చరిత్ర రాసుకునేవారు ఉన్నారు. అడిగితే వివరాలు పంపుతారు, కూలి అడగరు. మొదలుపెట్టడానికి ఏదో ఒక వరుస కావాలి కాబట్టి ఒకటి రాసి పెడుతున్నాను. మీ పద్ధతిలోకి మార్చుకోండి.

‘29వ ఫిల్మ్‌ఫేర్ పురస్కారాలు. ఉత్తమ స్క్రీన్‌ప్లే: కె. బాలచందర్. చిత్రం: ఏక్ దూజే కే లియే, హిందీ, 1981. మూలం: మరో చరిత్ర, తెలుగు, 1978. కథ: కె. బాలచందర్. మాటలు: గణేశ్ పాత్రో.’

ఈ వరుస మీ జాబితాలో కనిపించిన రోజున నాకు తెలియజేయండి. భీమిలి బస్సెక్కి వెళ్లి ఆ అమ్మాయికి నేనే చూపిస్తాను.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక ప్రేక్షకుడు